ఋణపరిభాషలో ‘సంస్కరణ’ : ఒక పదవిమర్శ

ఋణవ్యవహారమునకు సంబంధించిన పదజాలము తెలుగున మిక్కిలి స్పష్టమైనది. విజయనగరము జిల్లాలోని గజపతినగర ప్రాంతపు రైతు పొలమును తనఖా పెట్టును. ఇంటి బంగారమును తాకట్టు పెట్టును. పొరుగువానికి పూచీ పడును. ఏది యిచ్చి యేది తెచ్చుకొనెనో యా మాటయే చెప్పును. ప్రభుత్వములు చేయు ఋణములను గూర్చి వ్రాయు తెలుగున నీ స్పష్టత కలదా యనునది మా ప్రశ్న.

1991లో విదేశద్రవ్యము కొఱవడినపుడు భారతీయ రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును కుదువపెట్టి, ఇంగ్లండు, జపాను దేశముల కేంద్రబ్యాంకులనుండి అప్పు తెచ్చెను. జనులు దానిని తాకట్టనియే పిలిచిరి. ఆ యేడే అప్పు తీరెను, తాకట్టు విడివడెను.

తరువాతి ఋణముల రీతి వేఱు. 1998లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణమునకు ఋణము నిచ్చెను. 1999లో విద్యుద్రంగమునకు 21 కోట్ల డాలర్లు మంజూరు చేసెను. ఇచట కుదువపెట్టినది బంగారము కాదు, విధానము. రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి విభజింపబడెను. ఛార్జీలను నిర్ణయించుటకు నియంత్రణ సంఘ మేర్పడెను. 2000లో ఛార్జీలు పెరిగెను. ఆ యేడు ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణములు పోయెను. ఈ క్రమమున కంతకును వాడబడిన పదము ‘సంస్కరణ’.

ఈ పదమునకు మన భాషలో గల గౌరవము, 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన కాలపు సంఘసంస్కరణోద్యమము సంపాదించి పెట్టినది. సంఘము తన్ను తాను దిద్దుకొనుట సంస్కరణ. ఋణదాత కోరగా దిద్దుకొనుట షరతు. రెండవదానికి మొదటిదాని పేరు పెట్టుటచే, కాదన్నవాడు సంస్కరణవిరోధి యయ్యెను. షరతు మంచిదా కాదా యను విచారణ వెనుకబడెను.

నష్టములలో నున్న మండలిని దిద్దుట యవసరమే కదా, ఋణదాత తన సొమ్మునకు భద్రత కోరుట న్యాయమే కదా యని యాక్షేపింపవచ్చును. రెండును అంగీకార్యములే. మేము కాదనునది షరతును గాదు, దాని మాఱుపేరును. చదివి వినిపింపని తనఖాపత్రముపై గజపతినగరపు రైతు వ్రేలిముద్ర వేయుటకు జంకును. ఆ జంకు రాష్ట్రమునకును హితమే. 2004 ఎన్నికల పిదప వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చుట, పదమాటున దాగిన యా షరతుపై ఓటరు ఆలస్యముగా చెప్పిన తీర్పని మా యభిప్రాయము. అట్టి తీర్పు ఋణపత్రము వ్రాయుటకు ముందే వినబడవలెనన్న, షరతును షరతనియే వ్రాయవలయును.