తోడి వారసులు: ఒక్క మాట మీద విమర్శ

విమర్శ వ్యాసం రాయండి అని తెలుగు మాస్టారు చెప్పినప్పుడు మా క్లాసులో చాలామంది కథలు ఎంచుకున్నారు, కొందరు సినిమాలు ఎంచుకున్నారు. నేను ఒకే ఒక్క మాట ఎంచుకున్నాను. "ఒక్క మాట మీద వ్యాసం ఎలా వస్తుంది?" అని నా పక్కన కూర్చునే అమ్మాయి నవ్వింది. వస్తుందో రాదో మీరే చదివి చెప్పండి.

ఆ మాట "తోడి వారసులు". బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. (పత్రిక అంటే ఇక్కడ మన స్కూలు పత్రికలాంటిది కాదు, ఉత్తరం.) దేవుణ్ణి నమ్మినవాళ్లు దేవునికి పిల్లలు, పిల్లలైతే వారసులు, క్రీస్తుకు తోడి వారసులు అని ఆ చోట పౌలు చెప్తాడు. మా ఇంట్లో ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. కానీ పోయిన ఏడాది తాతయ్య పోయాక, ఇల్లు పంచుకున్న వారంలోనే ప్రార్థన కూడికలో ఈ అధ్యాయం చదివారు. ఆ రోజు నాకు ఆ మాట మొదటిసారి వినపడింది.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. తెలుగు బైబిల్లో వారసత్వంగా వచ్చేదాన్ని "స్వాస్థ్యము" అంటారు. మా బరంపురంలో ఒడియా బోర్డుల మీద "స్వాస్థ్య కేంద్ర" అని ఉంటుంది, అంటే ఆసుపత్రి. అందుకని దేవుడు స్వాస్థ్యం ఇస్తాడంటే జ్వరం రాకుండా చూస్తాడని ఆరో తరగతి దాకా అనుకున్నాను. ఒకే మాట రెండు భాషల్లో రెండు దారులు పట్టింది. రెండు భాషల మధ్య పెరిగే మనలాంటి పిల్లలకి ఇలాంటివి మామూలే.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. "వారసులు" అంటే అందరికీ తెలుసు. నన్ను ఆపింది "తోడి". తెలుగులో ఈ ముక్క ఎక్కడెక్కడ ఉందో చూడండి. తోడికోడలు. తోడల్లుడు. తోడబుట్టినవాడు. ఒకే ఇంట్లోకి వచ్చినవాళ్లకి, ఒకే కడుపున పుట్టినవాళ్లకి ఈ మాట వాడతాం. పెద్ద తోడికోడలు, చిన్న తోడికోడలు అని ఉండొచ్చు గానీ ఇద్దరూ కోడళ్లే. ఒకరు కోడలు, ఇంకొకరు సగం కోడలు అని ఉండదు. పాస్టరు గారిని అడిగితే, గ్రీకులో కూడా ఇది ఒకే మాటే, ముందు "కూడా, కలిసి" అనే అర్థం ఉన్న ముక్క చేరింది అని చెప్పారు. అనువాదకులు దాన్ని మన ఇళ్లలో నలిగే మాటతో చెప్పారు. అది వాళ్ల గొప్పతనం అని నా అభిప్రాయం.

రెండో సంగతి దత్తత. ఇదే చోట పౌలు దత్తత గురించి చెప్తాడు. మనం పుట్టుకతో కాదు, దత్తతతో పిల్లలమయ్యాం అంటాడు. ఈ ఉత్తరం సుమారు క్రీ.శ. 57లో కొరింథు నుంచి రోము పట్టణానికి రాశాడని పండితులు చెప్తారు. అప్పుడు రోములో చక్రవర్తి ఎవరో సాంఘిక శాస్త్రం పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. నీరో. ఈ నీరో సొంత కొడుకుగా పుట్టి చక్రవర్తి కాలేదు. క్లౌదియ చక్రవర్తి ఇతన్ని క్రీ.శ. 50లో దత్తత తీసుకున్నాడు. క్లౌదియకి బ్రిటానికస్ అని సొంత కొడుకు ఉన్నాడు. 54లో క్లౌదియ చనిపోతే, పదహారేళ్ల నీరో, అంటే నాకంటే ఒక్క ఏడాది పెద్దవాడు, సింహాసనం ఎక్కాడు. 55లో బ్రిటానికస్ చనిపోయాడు. విషం పెట్టి చంపించారని పాతకాలపు చరిత్రకారులు రాశారు.

అంటే ఆ ఉత్తరం అందుకున్న రోమువాళ్లకి దత్తత అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. దత్తత వచ్చినవాడు సొంత కొడుకుని తోసేసి మొత్తం తీసుకోవడం వాళ్లు రెండేళ్ల కిందటే కళ్లారా చూశారు. పౌలు వాళ్లకి ఇంకో ఇంటి సంగతి చెప్తున్నాడు. ఇక్కడ సొంత కొడుకు ఉన్నాడు, దత్తత వచ్చినవాళ్లూ ఉన్నారు, ఎవరూ ఎవర్నీ తోసెయ్యరు. సొంత కొడుకే వీళ్లని తన తోడి వారసులుగా పక్కన కూర్చోబెట్టుకుంటాడు. పౌలు నీరో పేరు ఎత్తలేదు, అతన్ని మనసులో పెట్టుకునే రాశాడని నేను అనను. కానీ చదివినవాళ్లకి ఆ సంగతి గుర్తుకు రాకుండా ఉంటుందా అని నా ప్రశ్న.

మూడో సంగతి చిన్నది, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది. పౌలు ఈ భాగాన్ని "కుమారులు" అనే మాటతో మొదలుపెడతాడు. "దత్తపుత్రాత్మ" అనే మాటలో కూడా పుత్రుడే ఉన్నాడు. ఇది చదివి నేను మొహం చిట్లించుకున్నాను, మళ్లీ కొడుకులేనా అని. కానీ వారసత్వం మాట వచ్చే ముందు పౌలు మాట మార్చాడు. కుమారులు పోయి "పిల్లలు" వచ్చింది. పిల్లలైతే వారసులు అన్నాడు. కొడుకులైతే అనలేదు. ఇది కావాలని చేశాడా, చెయ్యి అలా తిరిగిందా చెప్పలేను. కానీ ఇదే ఉత్తరం చివరి అధ్యాయంలో ఫీబే అనే ఆవిడని బాగా చేర్చుకోండి అని రోమువాళ్లకి చెప్తాడు. ప్రిస్కిల్లకీ, మరియకీ, ఇంకా చాలామంది ఆడవాళ్లకీ పేరు పేరునా వందనాలు చెప్తాడు. ఈ ఉత్తరం వినడానికి కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఉన్నారని అతనికి బాగా తెలుసు.

ఇక మా ఇంటి సంగతి. అత్తని అడిగే రాస్తున్నాను. "రాయి, నా పేరు మాత్రం రాయకు" అంది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మావయ్య పోయాక పుట్టింటికి వచ్చేసింది. జాకెట్లు కుడుతుంది. మామ్మ ఎప్పుడో పోయింది. తాతయ్య మంచం పట్టిన మూడేళ్లూ స్నానం చేయించింది, మందులు వేసింది, రాత్రిళ్లు లేచింది, అన్నీ అత్తే. తాతయ్య వీలునామా ఏమీ రాయలేదు. ఆయన పోయాక పెదనాన్నా, నాన్నా ఇల్లు రెండు వాటాలు చేసుకున్నారు. అత్త తనకేమీ వద్దని కాగితం మీద సంతకం పెట్టింది. వెనక గది "ఉన్నన్నాళ్లు ఉండు" అన్నారు. ఎవరూ గొడవ పడలేదు. మా వీధిలో "ఎంత మర్యాదగా పంచుకున్నారో" అని మెచ్చుకున్నారు కూడా.

నాకు అనుమానం వచ్చి టీచరు గారిని చట్టం సంగతి అడిగాను. క్రైస్తవులకి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే, భార్య ఉంటే ఆమెకి మూడో వంతు పోగా, మిగిలింది పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అని తేడా లేదు. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవులకి మాత్రం 1916 నాటి వేరే చట్టం ఉండేది. అందులో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేకపోతే ఐదు వేల రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే టీచరు దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లి 1986లో గెలిచారు. మా క్లాసులో హిందూ స్నేహితులకి ఒక మాట: ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కూడా కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు అని 2005లో మీ చట్టం కూడా మార్చారు. అంటే చట్టం మా అత్తకి ఎప్పుడో ఇచ్చింది. అత్తే సంతకం పెట్టి వదులుకుంది. ఎందుకు పెట్టావు అని అడిగితే, "పెట్టకపోతే పుట్టింటికి దారి మూసుకుపోతుందమ్మా" అంది.

ఈ మాట విన్నాక నేను మళ్లీ ఎనిమిదో అధ్యాయం తెరిచాను. దత్తత మాట చెప్పే ముందు పౌలు భయం గురించి చెప్తాడు. భయపడడానికి మీరు మళ్లీ దాస్యంలోకి రాలేదు అని దాని భావం. దాసుడూ ఇంట్లోనే ఉంటాడు, అన్నం అక్కడే తింటాడు. కానీ ఎప్పుడు పొమ్మంటారో అని భయం. వారసుడికి ఆ భయం లేదు. పోయిన వానాకాలం వెనక గది కప్పు కారింది. అత్త మిషను మీద గోనె కప్పి, కింద గిన్నె పెట్టుకుంది గానీ ఎవరికీ చెప్పలేదు. తను పుట్టిన ఇంట్లో కప్పు కారుతోందని చెప్పడానికి భయపడింది. పౌలు చెప్పిన రెండు రకాల మనుషుల్లో మా అత్తని ఎటు పెట్టాలో నాకు తెలిసిపోయింది.

ఇంకొకటి. తోడి వారసులు అన్న వెంటనే పౌలు ఒక షరతు పెడతాడు. క్రీస్తుతో మహిమలో పాలు కావాలంటే శ్రమలోనూ పాలు ఉండాలి అంటాడు. ప్రసంగాల్లో మహిమ గురించే ఎక్కువ వింటాం, ఈ సగం త్వరగా దాటేస్తారు. మా ఇంట్లో అది రెండు ముక్కలైపోయింది. శ్రమ వాటా అత్తకి, ఇంటి వాటా అన్నలకి.

పెదనాన్నకి ఇది చెప్తే కోప్పడలేదు. రెండు మాటలు అన్నారు, రెండూ ఆలోచించదగ్గవే. మొదటిది: యేసు దగ్గరికి ఒకతను వచ్చి, ఆస్తిలో నా పాలు ఇమ్మని మా అన్నకి చెప్పు అంటే, పంచడానికి నన్నెవరు నియమించారు అని యేసు కాదన్నాడు. అది లూకా పన్నెండో అధ్యాయంలో ఉంది, నిజమే. కానీ ఆ వెంటనే ఆయన పేరాశ గురించి హెచ్చరించి, కొట్లు పెద్దవి కట్టాలనుకున్న ధనవంతుడి కథ చెప్పాడు. ఆ హెచ్చరిక అడిగినవాడికే కాదు, ఇవ్వని అన్నకీ తగులుతుంది. అడగని అత్తకి మాత్రం తగలదు.

రెండోది గట్టి మాట. "అది పరలోకపు ఆస్తి. దాన్ని తెచ్చి పెంకుటింటికి ముడిపెడితే ఎలా?" అన్నారు. దీనికి నా దగ్గర వారం రోజులు జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను, పౌలు మా బరంపురం ఇల్లు గురించి రాయలేదు. ఇళ్లు పంచితే వాటా తగ్గుతుంది, ఆయన చెప్పినదాంట్లో ఎంతమంది వచ్చినా ఎవరి వాటా తగ్గదు. అత్త దగ్గర ముగ్గురు అమ్మాయిలు కుట్టు నేర్చుకున్నారు, అత్తకి వచ్చిన పని ఏమీ తరగలేదు. అలాంటి ఆస్తి అన్నమాట.

తర్వాత పాస్టరు గారే దారి చూపించారు. గ్రీకులో ఆ "తోడి వారసులు" మాట కొత్త నిబంధనలో నాలుగు చోట్ల ఉందట. అందులో ఒకటి పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం. అక్కడ తెలుగులో "పాలివారు" అని పెట్టారు. భర్తలకి చెప్తున్నాడు: జీవం అనే వరంలో మీ భార్యలు మీకు పాలివారు, కాబట్టి ఇంట్లో వాళ్లని గౌరవించండి, లేకపోతే మీ ప్రార్థనలకి అడ్డం వస్తుంది. ఆ చోటే ఆడవాళ్లు బలహీనులు అన్న మాట కూడా ఉంది, అది నాకు నచ్చలేదు, దాచను. కానీ వాదన చూడండి. పరలోకంలో పాలివాళ్లు కాబట్టి కింద ఇంట్లో ఇలా ఉండండి అంటున్నాడు. పై ఆస్తినీ, కింది ఇంటినీ ముడిపెట్టింది నేను కాదు, పేతురే.

ఈ వ్యాసం మాస్టారికి ఇచ్చే ముందు నాన్నకి చూపించాను. రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. "ఇది అచ్చవుతుందా?" అని మాత్రం అడిగారు. అవుతుందేమో అన్నాను. మర్నాడు ఆదివారం నిచ్చెన వేసుకుని వెనక గది పైకెక్కి, పగిలిన పెంకులు తీసి కొత్తవి పెట్టారు. అత్త కింద నుంచి ఒక్కొక్కటి అందించింది. పెంకులు మార్చడం వేరు, వాటా రాయడం వేరు. అది నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు.