క్షామం – పత్రిక – వోటు

“ఈ దేశానికి పదేళ్లపాటు ఒక నియంత కావాలి, అప్పుడుగాని బాగుపడదు” అనే మాట నేను చిన్ననాటినుంచి వింటూనే ఉన్నాను. రైలుపెట్టెలో విన్నాను, కాలేజీలో ఉపాధ్యాయుల గదిలో విన్నాను, సాహిత్యసభ ముగిసిన తరువాత కాఫీ హోటలు బల్లదగ్గర కూడా విన్నాను. ఈ మాట అనేవారందరూ ప్రజాద్వేషులు కారు. లంచగొండితనం చూసి, ఆస్పత్రి వరండాలో పడివున్న రోగిని చూసి, మనసు విరిగి అనేవారే ఎక్కువ. అటువంటివారికి ప్రజాస్వామ్యం పవిత్రమైనదని ఉపన్యాసమిస్తే ప్రయోజనం లేదు. పవిత్రత కడుపు నింపదు. అందుచేత ఈ రెండు ప్రభుత్వ పద్ధతులనూ ఒకే గీటురాయిమీద గీసి చూడదలచాను. ఆ గీటురాయి ఆకలి.

ఈ విచారణకు దారి చూపినవాడు ఆర్థికవేత్త అమర్త్య సేన్. 1943 బెంగాల్ క్షామం నాటికి అతనికి తొమ్మిదేళ్లు; శాంతినికేతనంలో ఆ దృశ్యాలను కళ్లారా చూశాడు. దేశంలో ధాన్యం లేకపోవడం వేరు, ఉన్న ధాన్యాన్ని కొనే శక్తి మనిషికి లేకపోవడం వేరు అని 1981లో వెలువడిన గ్రంథంలో నిరూపించాడు. 1943లో బెంగాల్‌లో లభ్యమైన ఆహారం, క్షామం లేని 1941లో కన్న సుమారు 13 శాతం ఎక్కువేనని లెక్కలు చూపించాడు. అటుతరువాత మరొక అడుగు ముందుకు వేశాడు. ఎన్నికలూ, ప్రతిపక్షమూ, స్వేచ్ఛగల పత్రికలూ సక్రమంగా పనిచేసే దేశంలో పెద్ద క్షామం ఎన్నడూ రాలేదన్నాడు. ఈ సిద్ధాంతాన్ని కొందరు మంత్రంలా జపిస్తున్నారు; కొందరు పెట్టుబడిదారీ ప్రచారమని కొట్టిపారేస్తున్నారు. ఈ రెండు వైఖరులూ సరికావని నా అభిప్రాయం.

ముందు బెంగాల్ సంగతి చూద్దాం. సుమారు 30 లక్షలమంది చచ్చిపోయారు. అప్పుడు రాష్ట్రంలో ఎన్నికైన మంత్రివర్గం లేకపోలేదు. కాని వోటు హక్కు కొద్దిమందికే. అసలు అధికారం గవర్నరుది, ఢిల్లీది, లండన్‌ది. క్షామ నిబంధనావళి ఉండికూడా దాని ప్రకారం క్షామాన్ని ప్రకటించనేలేదు. 1943 ఆగస్టు 22న ‘స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధుల్లోని శవాల ఫొటోలు అచ్చువేసేదాకా బయటి ప్రపంచానికి ఆ ఘోరం తెలియనేలేదు. చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి గీసిన బొమ్మలతో ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం వేస్తే ప్రభుత్వం ఆ ప్రతులను పట్టుకొని తగలబెట్టింది. ధాన్యం పంపడానికి ఓడలు దొరకని ప్రభుత్వానికి, పుస్తకం తగలబెట్టడానికి అగ్గిపుల్ల దొరికింది!

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. బెంగాల్‌ను ఏలిన పార్లమెంటే బ్రిటన్‌నూ ఏలింది. అక్కడ 1940 జనవరినుంచే రేషను పెట్టారు. యుద్ధం సాగుతున్నా, ఓడలు మునుగుతున్నా, లండన్ వీధుల్లో ఆకలితో శవాలు పడలేదు. పార్లమెంటు ఒకటే, మంత్రులు ఒకరే. మరి ఫలితాలు రెండెందుకయ్యాయి? లండన్ కార్మికుడికి వోటున్నది, మిడ్నపూర్ కూలికి లేదు. కాబట్టి ఒక ప్రభుత్వం ప్రజాస్వామ్యమా, నియంతృత్వమా అని అడిగితే చాలదు. ఎవరిపట్ల ప్రజాస్వామ్యం, ఎవరిపట్ల నియంతృత్వం అని అడగాలి. సేన్ సిద్ధాంతంలోని బలం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక చైనా. ఇది రాయడం నాకు సులభం కాదు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితలు తొలి మహాసభ జరుపుకొన్ననాటినుంచి, నూతన చైనా మన శిబిరానికి ఒక ఆశాజ్యోతి. ఆ ఆశకు ఆధారాలు లేకపోలేదు. భూస్వామ్యాన్ని కూల్చినవారు వారు. పల్లెలకు వైద్యం తీసుకుపోయినవారు వారు. అయినా 1958లో ‘మహా ముందంజ’ పేరుతో మొదలైన ప్రయత్నం మానవచరిత్రలోనే అతిపెద్ద క్షామంగా పరిణమించింది. చనిపోయినవారి సంఖ్య కోటిన్నర అని కొందరు, నాలుగున్నర కోట్లని కొందరు అంచనా వేశారు. అతి తక్కువ అంచనానే తీసుకున్నా అది బెంగాల్ క్షామానికి అయిదింతలు.

అది ఎలా జరిగింది? దుర్మార్గులు కూర్చుని ప్రజలను చంపాలని తీర్మానించలేదు. పై అధికారికి సంతోషం కలిగించే లెక్కలు కింది అధికారి పంపాడు. 1958 ధాన్యపు దిగుబడి 37.5 కోట్ల టన్నులని ప్రకటించారు. మరుసటి సంవత్సరం దాన్ని 25 కోట్లకు తగ్గించారు. అసలు పండింది 20 కోట్లేనని చివరకు తేలింది. కాగితంమీద పండిన పంటకు లెవీ మాత్రం నిజమైన గాదెలనుంచి వసూలయింది. 1959లోనే సుమారు 40 లక్షల టన్నుల ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది. ఆ సంవత్సరం జూలైలో లూషాన్ సమావేశంలో రక్షణమంత్రి పెంగ్ దెహువై మావోకు ఉత్తరం రాసి లోపాలు ఎత్తిచూపాడు. అతన్ని పదవినుంచి తొలగించి, మితవాద అవకాశవాది అని ముద్రవేశారు. రక్షణమంత్రికే ఆ గతి పడితే, ఇక జిల్లా ఉద్యోగి నిజం చెబుతాడా? అన్నిటికన్న ఎక్కువమంది చచ్చిపోయింది ఆ తరువాతి సంవత్సరం, 1960లో.

యాంగ్ జిషెంగ్ అనే చైనా పత్రికారచయిత తండ్రి 1959లో ఆకలితో పోయాడు. అది తమ ఇంటి దురదృష్టమే అనుకున్నాడు ఆ యువకుడు; ప్రభుత్వాన్ని రవంతైనా శంకించలేదు. అధికార వార్తాసంస్థలోనే దశాబ్దాలు పనిచేసి, ముసలితనంలో పాత దస్తావేజులు శోధించి, తండ్రికి సమాధిరాయిగా ఒక పెద్ద గ్రంథం రాశాడు. అది 2008లో హాంకాంగ్‌లో అచ్చయింది. చైనా ప్రధానభూభాగంలో నిషిద్ధమయింది. నన్ను కలచివేసింది చనిపోయినవారి సంఖ్య ఒక్కటే కాదు, ఆ కొడుకు అమాయకత్వం. పక్క ఊళ్లో కూడా తండ్రులు చస్తున్నారని తెలియనప్పుడు, ప్రతి ఇంటి చావూ ఆ ఇంటి కర్మగానే కనిపిస్తుంది. వేల ఇళ్ల దుఃఖాన్ని ఒక్క అన్యాయంగా చూపించేది పత్రిక. నిరంకుశత్వం మొట్టమొదట ప్రజల నోరు నొక్కుతుంది; కాని చివరకు దెబ్బతినేది దాని చెవులే. కింద ఏం జరుగుతున్నదో పైవారికి తెలియాలంటే ప్రజాస్వామ్యం ఉండాలని మావోయే 1962లో అంగీకరించవలసివచ్చింది.

ఇంతవరకు సేన్‌తో నాకు పేచీ లేదు. అయితే ఇక్కడితో ఆగి, మన దేశం గెలిచిందని చప్పట్లు కొట్టేవారితో పేచీ ఉన్నది. స్వతంత్ర భారతంలో కరువులు వచ్చాయి. బెంగాల్ వంటి క్షామం రాలేదు. 1967 ఏప్రిల్‌లో బీహారులో క్షామాన్ని అధికారికంగా ప్రకటించి సహాయం నడిపారు. 1972–73లో మహారాష్ట్రలో పంటలు పోతే, కరువు పనులమీద ఒక దశలో 50 లక్షలమంది దాకా బతికారు. ఇది నిజమైన విజయమే. కాని 1980 ప్రాంతంలో చైనా మనిషి సగటు ఆయుర్దాయం దాదాపు 66 ఏళ్లయితే, భారతీయుడిది సుమారు 54. రెండు దేశాల మరణాలనూ పోల్చి, చైనా క్షామంలో పోయినంతమంది భారతదేశంలో ప్రతి ఎనిమిదేళ్లకూ చడీచప్పుడూ లేకుండా అదనంగా పోతున్నారని సేన్, జాన్ ద్రెజ్ కలిసి 1989లో రాశారు. సేన్‌ను మంత్రంలా జపించేవారు ఈ పేజీని తిప్పేస్తారు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. నూటికి ముప్పైఅయిదుమంది! ఏ ప్రభుత్వం దీనివల్ల కూలిపోయింది?

కారణం స్పష్టమే. క్షామం వార్త, అరాకలి వార్త కాదు. వీధిలో పడిన శవాన్ని పత్రిక ఫొటో తీస్తుంది. రోజూ గంజితో పడుకునే పిల్లను ఏ రోజున ఫొటో తీస్తుంది? వోటూ పత్రికా యంత్రాలు కావు, వాటంతట అవి తిరగడానికి. తిప్పే చేతులుంటేనే తిరుగుతాయి. 2020 జనవరిలో వూహాన్‌లో వైద్యుడు లీ వెన్‌లియాంగ్ కొత్త జబ్బును గురించి హెచ్చరిస్తే పోలీసులు పిలిచి మందలించారు. అది నిరంకుశత్వపు రివాజు. కాని 2020–21లో కోవిడ్ కాలపు అదనపు మరణాలు మన దేశంలో 47 లక్షలని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేస్తే, సర్కారు లెక్క 5 లక్షలు దాటలేదు. ఆ అంచనాను ప్రభుత్వం ఒప్పుకోలేదు. శవాలను లెక్కపెట్టడంలో మనంకూడా గర్వపడే స్థితిలో లేము.

పదేళ్ల నియంత కావాలనేవారికి మన అనుభవం కూడా గుర్తుచేయాలి. పదేళ్లు అక్కరలేదు, 1975 జూన్‌నుంచి 21 నెలలు చాలాయి. పత్రికలకు సెన్సారు పెట్టారు. ముషీరాబాదు జైలులో 1975 డిసెంబరు 1న భూమయ్యను, కిష్టగౌడ్‌ను ఉరితీశారు. 1976–77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిన పేదలను బలవంతంగా లాక్కుపోయారు. 1977 మార్చిలో వోటు దొరకగానే ఉత్తరప్రదేశ్ కాంగ్రెసుకు 85 స్థానాల్లో ఒక్కటికూడా ఇవ్వలేదు. మరి మన ఆంధ్రప్రదేశ్? 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. ఇది తలవంచుకొని ఆలోచించవలసిన విషయం. ఆ బాధ ఇక్కడ అంతగా సోకకపోవడం ఒక కారణం. అక్కడి ఏడుపు సెన్సారు గోడ దాటి ఇక్కడికి వినిపించకపోవడం మరొక కారణం అనుకుంటాను. అభ్యుదయ శిబిరంలో కూడా ఒక పెద్ద భాగం ఎమర్జెన్సీని సమర్థించింది. భారత కమ్యూనిస్టు పార్టీ 1978లో భటిండా మహాసభలో ఆ పొరపాటును ఒప్పుకున్నది. ఒప్పుకోవడం గౌరవమే, కాని జైళ్లలో గడిచిన నెలలు తిరిగిరావు.

కాబట్టి నా నిర్ణయం ఇది. ప్రజాస్వామ్యం అన్నం పెడుతుందని నేననను. అన్నం లేదని అరిచే హక్కు ఇస్తుంది. నియంత అన్నం పెట్టవచ్చు. పెట్టనినాడు అరిచే నోరు ఉండదు. ఈ తేడా చిన్నది కాదు, కోట్ల ప్రాణాల తేడా. కాని ఆ హక్కును వాడుకోనివారికి అది బీరువాలో దాచిన మందు. అరాకలిని వార్తగా మార్చడం, ప్రతి ఇంటి కర్మనూ ఊరుమ్మడి అన్యాయంగా చూపించడం ఎవరి పని? చిత్తప్రసాద్ ఆ పని బొమ్మలతో చేశాడు. మనకు కలాలున్నాయి. మనవాళ్లు చేసిన తప్పును కూడా మనమే ముందుగా రాయగలిగిననాడు మన మాటకు విలువ ఉంటుంది.