ఉండటమా, అవటమా? – ఇంగ్లీషు ‘బి’ క్రియ, తెలుగు అనువాదం

ఇంగ్లీషు నేర్చుకొనేవారికి తొలి పాఠాలలోనే ఎదురయ్యే క్రియ ‘బి’. దాని రూపాలైన ‘యామ్’, ‘ఈజ్’, ‘వాజ్’, ‘బీన్’లలో ఒకదానికొకటి పోలిక కనిపించదు. అవి ఒకే ధాతువునుండి పుట్టినవి కాకపోవడమే అందుకు కారణం. ‘యామ్’, ‘ఈజ్’లు సంస్కృతంలోని ‘అస్మి’, ‘అస్తి’లకు జ్ఞాతులు. ‘బి’, ‘బీన్’లు ‘భవతి’లోని ‘భూ’ ధాతువుకూ, ‘వాజ్’, ‘వర్’లు నివాసార్థంగల ‘వస్’ ధాతువుకూ బంధువులు. అంతమాత్రాన ఇంగ్లీషు సంస్కృతంనుండి పుట్టిందనరాదు. రెండూ ఒకే పూర్వభాషనుండి వేర్వేరు దారులలో వచ్చినవి. ప్రాచీన ఇంగ్లీషులో రెండు క్రియలుగా ఉండిన ‘వెసన్’, ‘బేయోన్’లు కాలక్రమాన ఒకటిగా కలిసిపోయాయి.

ఈ కలయిక తర్కశాస్త్రానికీ చిక్కు తెచ్చింది. ఒక వస్తువు ఉన్నదని చెప్పడం వేరు, అది ఫలానాదని చెప్పడం వేరు. ఈ రెంటికీ ఒకే పదం వాడటంవల్ల కలిగే భ్రాంతిని జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో వెలువడిన తర్కశాస్త్ర గ్రంథంలో ఎత్తిచూపాడు.

తెలుగు ఈ భేదాన్ని వ్యాకరణంలోనే నిలుపుకొన్నది. ‘ఆమె వైద్యురాలు’ అన్న వాక్యానికి క్రియ అక్కరలేదు. ‘ఆమె ఇంట్లో ఉంది’ అన్నదానికి కావాలి. వ్యతిరేకార్థంలో భేదం మరింత స్పష్టం: ‘వైద్యురాలు కాదు’, ‘ఇంట్లో లేదు’. ఇంగ్లీషులో రెండుచోట్లా ‘ఈజ్ నాట్’ అన్నదే. ‘అతడు దేవుడు కాడు’ అన్నవాడూ, ‘దేవుడు లేడు’ అన్నవాడూ చేసే వాదాలు వేరని తెలుగువారికి వివరించనక్కరలేదు. అయితే తెలుగు అన్ని చిక్కులనూ విప్పిందనలేము. గుణాన్ని చెప్పే ‘ఈజ్’, అభేదాన్ని చెప్పే ‘ఈజ్’ వేరని బెర్‌ట్రండ్ రస్సెల్ 1919లో వాదించాడు. ఆ భేదం తెలుగులోనూ కనిపించదు.

నేటి అనువాదాలు ఉన్న భేదాన్నే చెరుపుతున్నాయి. ‘ఆమె గొప్ప శాస్త్రవేత్తగా ఉన్నారు’, ‘ఇది ముఖ్యమైన సమస్య అయి ఉన్నది’ వంటి వాక్యాలలో ‘ఈజ్’కు బదులుగా ఏదో ఒక క్రియ ఉండితీరాలన్న తొందర కనిపిస్తుంది. ‘ఆయన కార్యదర్శిగా ఉన్నారు’ అనడం సరైన తెలుగే. అది ప్రస్తుతం నిర్వహిస్తున్న పదవి, రేపు మరొకరిది కావచ్చు. అదే అచ్చులో ‘గొప్ప శాస్త్రవేత్తగా ఉన్నారు’ అంటే గొప్పతనం కూడా గడువున్న పదవిలా ధ్వనిస్తుంది. ‘ఆమె గొప్ప శాస్త్రవేత్త’ అంటే చాలు.

హామ్లెట్ ప్రసిద్ధ స్వగతం మొదలయ్యేది ఈ క్రియతోనే. దాన్ని తెనిగించేవారు ఉండటం, బతకటం, అవటం అన్నవాటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక తెలుగు పేదరికంవల్ల వచ్చింది కాదు. ఇంగ్లీషు ఒకేచోట పోగుచేసిన అర్థాలను తెలుగు విడదీసి అడుగుతున్నందువల్ల వచ్చింది. అనువాదకుడు ‘ఈజ్’ కనబడిన ప్రతిచోటా వేసుకోవలసిన మొదటి ప్రశ్న కూడా అదే: దీనికి వ్యతిరేకం ‘కాదు’ అవుతుందా, ‘లేదు’ అవుతుందా?