తుపాకి ఒకరిది, తూటా మరొకరిది: ‘ది గన్స్ ఆఫ్ ది సౌత్’ నవల - ఒక పరిశీలన

హ్యారీ టర్టిల్‌డవ్ 1992లో వెలువరించిన ‘ది గన్స్ ఆఫ్ ది సౌత్’ అమెరికా అంతర్యుద్ధాన్ని ప్రత్యామ్నాయ చరిత్రగా మలచిన నవల. 1864 జనవరిలో, ఓటమి అంచున ఉన్న దక్షిణాది సేనాని రాబర్ట్ ఇ. లీ వద్దకు ఆండ్రీస్ రూడీ అనే అపరిచితుడు ఏకే-47 రైఫిల్‌తో వస్తాడు. అతడు భవిష్యత్తు నుంచి వచ్చిన దక్షిణాఫ్రికా శ్వేతజాతి దురహంకారి. ఆ రైఫిళ్లతో దక్షిణాది గెలిచి స్వతంత్ర దేశమవుతుంది. కాలప్రయాణమనే ఒక్క అసంభవాన్ని అంగీకరిస్తే తక్కిన కథ కార్యకారణబద్ధంగానే సాగుతుంది.

అయితే సైనిక చరిత్రలో అసలు చిక్కు ఆయుధాన్ని కనిపెట్టడంలో కంటే దానిని స్వీకరించడంలో ఉంటుంది. వరుసగా ఏడు తూటాలు పేల్చగల స్పెన్సర్ రైఫిల్‌కు 1860లోనే పేటెంట్ లభించింది. ఉత్తరాది ఆయుధ విభాగాధిపతి జేమ్స్ రిప్లీ మాత్రం దానిని విరివిగా కొనడానికి సుముఖత చూపలేదు. సైనికులు తూటాలు వృథా చేస్తారని, రకరకాల తూటాల సరఫరా మోయలేని భారమవుతుందని ఆయన వాదన. ఆయనను ఛాందసుడని కొట్టిపారేయడం పరిపాటి. అది తొందరపాటు తీర్పు. లక్షల సైన్యానికి బండ్ల మీద తూటాలు చేరవేయవలసిన అధికారికి ఆ భయం అకారణం కాదు. 1863 ఆగస్టులో లింకన్ స్వయంగా స్పెన్సర్‌ను పేల్చి చూశాడు; మరుసటి నెలలో రిప్లీ పదవి వీడాడు. దక్షిణాది సైన్యం స్పెన్సర్లను చేజిక్కించుకున్నా, రాగి కొరత వల్ల వాటి లోహపు తూటాలను తయారుచేసుకోలేకపోయింది.

టర్టిల్‌డవ్ ఈ స్వీకరణ ఘట్టాన్ని దాదాపు దాటవేశాడు. తుపాకులతోపాటు తూటాలనూ రూడీ మనుషులే అందిస్తారు కనుక ఎంపిక అన్న ప్రశ్నే తలెత్తదు. నవల బలం ఆ తరువాతి భాగంలో ఉంది. దక్షిణాది ఆయుధ విభాగాధిపతి జోసయ్య గోర్గస్‌కు తుపాకి యంత్రాంగం కంటే తూటాలోని మందే పెద్ద చిక్కుముడి. పొగ వెలువడని తుపాకిమందును ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ రూపొందించింది 1884లో. గోర్గస్ కాలపు మందు గొట్టంలో మసి పేరుస్తుంది. కాబట్టి తూటా ఇచ్చేవాడు షరతు కూడా పెట్టగలడు. ఇక్కడ ఆ షరతు బానిసత్వం కొనసాగింపు. ఆయుధ చరిత్ర రాజనీతిగా మారే ఈ చోటే నవలలో అత్యంత పరిణతమైన భాగం.

లీ పాత్రచిత్రణలో మాత్రం ఆ పరిణతి సడలింది. భవిష్యత్తు గ్రంథం చదివిన లీ అధ్యక్షుడై క్రమానుగత విముక్తికి పూనుకుంటాడు. చారిత్రక లీ 1856లో భార్యకు రాసిన లేఖలో బానిసత్వాన్ని దుష్టవ్యవస్థ అంటూనే, నల్లజాతివారు ఆఫ్రికాలో కంటే అమెరికాలోనే మెరుగైన స్థితిలో ఉన్నారని సమర్థించాడు. ఆ సమర్థన బరువును నవల పూర్తిగా తలకెత్తుకోదు. వాస్తవ యుద్ధంలో సుమారు 1,80,000 మంది నల్లజాతీయులు ఉత్తరాది సైన్యంలో పోరాడారు. నవలలోనూ వారి తెగువ కనిపిస్తుంది. కాని అది లీ మనసు మార్చే సాక్ష్యంగానే మిగిలిపోతుంది. కథనం లీ, నేట్ కాడెల్ అనే ఇద్దరు శ్వేతజాతీయుల దృక్కోణాల మధ్యనే మారుతూ ఉంటుంది. బానిసగా ఉన్న ఒక్క వ్యక్తి కంటితోనైనా ఆ రైఫిల్‌ను పాఠకుడు చూడడు.