చెవికెక్కని మాట

జాన్ అప్‌డైక్ ‘ఏ అండ్ పీ’ కథ 1961లో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. బోస్టన్‌కి ఉత్తరాన ఉన్న ఒక ఊళ్లో, బీచ్‌కి ఐదు మైళ్ల దూరాన సూపర్ మార్కెట్. ఈత దుస్తుల్లో ముగ్గురు అమ్మాయిలు వచ్చి ఒక హెర్రింగ్ చేపల సీసా తీసుకుంటారు. ఆ వేషంలో రాకూడదని మేనేజర్ లెంగెల్ మందలిస్తాడు. కౌంటర్ దగ్గరున్న పందొమ్మిదేళ్ల సామీ అక్కడికక్కడే ఉద్యోగం వదిలేస్తాడు. కథ చెప్పేదీ అతనే. స్త్రీవాద విమర్శ అనగానే సామీ చూపును దోషిగా నిలబెట్టడమే అనుకుంటాం. అదేమంత కష్టం కాదు. వాళ్ల ఒళ్లంతా అతను మొదటి పేరాల్లోనే కొలిచేస్తాడు. అంతకన్నా అవసరమైన పని ఇంకోటుందని నా నమ్మకం: ఆ చూపు కింద నలిగిన మాటలను ఏరుకోవడం.

అమ్మాయిలకు బుర్ర ఉంటుందో, సీసాలో పడ్డ తేనెటీగ రొదలాంటిదేదో ఉంటుందో అని సామీకి అనుమానం. ఆ అనుమానానికి జవాబు కథలోనే ఉంది. ఇది బీచ్ కాదని లెంగెల్ అనగానే, చేపల సీసా పట్టుకున్న అమ్మాయి తల్లి తెమ్మందని చెబుతుంది. సామీ ఆమె గొంతును విని, ఆ ఇంటి హాలూ, అక్కడి విందూ, పళ్లెం చుట్టూ చేరిన అతిథులూ అంతా ఊహించేసుకుంటాడు. తన తల్లిదండ్రులు అతిథులకిచ్చే నిమ్మరసంతో పోల్చుకుంటాడు. అక్కడ అతను విన్నది ఆమె అంతస్తును. రెండో అమ్మాయి ఇంకో వాదన తెస్తుంది: తాము సరుకుల కోసం తిరగడం లేదు, ఒక్క వస్తువు కోసమే వచ్చారు. అప్పుడే లెంగెల్ కళ్లు ఆమె టూ-పీస్ మీదికి పోతాయి! ఆమె వాదిస్తుంటే అతను బట్టలు పరీక్షిస్తున్నాడు. చివరికి తాము మర్యాదస్తులమేనని మొదటి అమ్మాయి తెగేసి అంటుంది. దానికి లెంగెల్ చెప్పేది దుకాణం నియమం ఒక్కటే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. సామీని రచయిత నమ్మదగని కథకుడిగానే నిలబెట్టాడు, ఆ చూపుకి అప్‌డైక్‌ని ఎలా తప్పుపడతాం అని. నిజమే, రచయితకూ సామీకీ మధ్య దూరం ఉంది. కానీ ఆ దూరం సామీ పొరపాటును మాత్రమే చూపిస్తుంది. అమ్మాయిల వైపు ఏముందో చూపించదు. అందుకే ఆ పని పాఠకులు చెయ్యాలి. అమెరికన్ సాహిత్యం ఆడపాఠకులకు కూడా మగవాడిలా చదవడం నేర్పుతుందని జూడిత్ ఫెటర్లీ 1978లో ‘ద రెసిస్టింగ్ రీడర్’లో వాదించారు. ఈ కథ విషయంలో ఆ అలవాటుకి సాక్ష్యం, విమర్శకులు కూడా ఆ అమ్మాయిని సామీ పెట్టిన ‘క్వీనీ’ అనే పేరుతోనే పిలవడం. చేపల సీసా కొన్న అమ్మాయి అంటే సరిపోయేదానికి!

1961నాటి కథను ఇవాళ్టి కొలతతో కొలవకూడదన్నది రెండో అభ్యంతరం. ఇవాళ్టి కొలత ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘మేం మర్యాదస్తులం’ అన్న ప్రతివాదం ఆ కథ లోపలే, ఆ ఏడాదే, ఒక అమ్మాయి నోట వచ్చింది కదా.

మరి సామీ రాజీనామా? అతని తల్లిదండ్రులకు లెంగెల్ పాత స్నేహితుడు. పోయేది జీతం ఒక్కటే కాదు. ఆ నష్టాన్ని నేను చిన్నబుచ్చను. ఒప్పుకోనిది, దాన్ని అమ్మాయిలకోసం చేసిన త్యాగంగా చదవడం. వాళ్లకు వినపడాలని, ఆగి తనను చూడాలని అతను ఆశపడి ఆ మాట అంటాడు. మాంసం విభాగంలోని మెక్‌మాన్ తన సరుకును అంచనా కట్టినట్టు వాళ్లను చూసినప్పుడు సామీకి కలిగింది జాలి. ఆ జాలి లెంగెల్ నోటికి అడ్డుపడేలోపే వాళ్లు తమ తరఫున తామే మాట్లాడేశారు, డబ్బు చెల్లించి సీసా తీసుకుని తలుపు దాటేశారు. అతను బయటికొచ్చేసరికి వాళ్లు లేరు. సామీని ఒంటరివాణ్ణి చేసిన ముగింపుగా దీన్ని చదవడం మామూలు. అమ్మాయిల వైపు నుంచి చూస్తే, వాళ్లు అడగని సాయానికి వాళ్లు బాకీ పడలేదు. కృతజ్ఞత కోసం వాళ్లను వెనక్కి పిలిపించకపోవడం అప్‌డైక్ ఈ కథలో వాళ్లకు చేసిన అతి పెద్ద న్యాయం.