కోపింగ్ మందుల దుకాణంలో షీలే చేతిపని

నిమ్మరసంలోంచి పులుపు ఒక్కదాన్నే విడదీసి తెల్లటి పలుకులుగా చూపించమంటే ముందుగా ఎవరైనా ఏం చేస్తారు? రసాన్ని మరగబెట్టి ఇగరబెడతారు. చివరికి గిన్నె అడుగున గోధుమరంగు పాకం మిగులుతుంది కానీ పలుకు కట్టదు. రసంలోని చక్కెర, జిగురు, రంగు కూడా పులుపుతోపాటే చిక్కబడతాయి. 1784లో స్వీడన్‌లో ఒక చిన్న ఊరి మందుల దుకాణదారు దీనికి దారి కనిపెట్టాడు. కాగుతున్న నిమ్మరసంలో సుద్దపొడి కొద్దికొద్దిగా వేస్తూ పోయాడు. వేసినప్పుడల్లా నురుగు పొంగుతుంది. పొంగడం ఆగిందంటే పులుపంతా సున్నంతో కలిసిపోయిందని గుర్తు. అలా కలిసిన పదార్థం వేడినీళ్లలో దాదాపు కరగదు, తెల్లటి మడ్డిగా అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంపేస్తే చక్కెర, జిగురు, రంగు వాటితోనే పోతాయి. ఆ మడ్డిని, కడిగిన నీళ్లు రంగు లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడిగాడు. తర్వాత నీళ్లు కలిపిన గంధకామ్లం పోశాడు. సున్నం గంధకామ్లంతో కలిసి జిప్సమ్‌గా అడుగున కూర్చుంది, పులుపు నీళ్లలోకి వచ్చేసింది. దాన్ని వడకట్టి, సన్నటి సెగమీద ఇగరబెట్టి, చల్లారనిచ్చాడు. పలుకులు కట్టాయి.

ఈ పనిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఒక చిన్న జాగ్రత్త. గంధకామ్లం లెక్కకు సరిపడా కాకుండా ఒక పిసరు ఎక్కువే ఉండాలంటాడాయన. ఏ కాస్త సున్నం మిగిలిపోయినా పలుకు కట్టదు. ఇలాంటి మాట చేత్తో చేసి, చెడగొట్టి, మళ్లీ చేసినవాడికే తెలుస్తుంది. రెండు శతాబ్దాలు దాటినా, బూజుతో పులియబెట్టి సిట్రిక్ ఆమ్లం తయారుచేసే కర్మాగారాల్లో చాలావాటిలో దాన్ని శుద్ధి చేసేది ఈ సున్నం, గంధకామ్లం పద్ధతిలోనే.

ఆయన కార్ల్ విల్హెల్మ్ షీలే. 1742 డిసెంబరు 9న స్ట్రాల్‌సుండ్‌లో పుట్టాడు. ఆ పట్టణం ఇప్పుడు జర్మనీలో ఉంది, అప్పట్లో స్వీడన్ ఏలుబడిలో ఉండేది. పదకొండు మంది పిల్లల్లో ఏడోవాడు. తండ్రి వర్తకుడు. షీలే పసితనంలోనే ఆయన వ్యాపారం దివాలా తీసింది. పెద్ద చదువులకు పంపే స్తోమత ఆ ఇంటికి లేదు. అన్న యోహాన్ మార్టిన్ గోథెన్‌బర్గ్‌లో బౌఖ్ అనే ఆయన మందుల దుకాణంలో పని నేర్చుకుంటూ జబ్బుచేసి చనిపోయాడు. తర్వాత అదే దుకాణంలో పద్నాలుగేళ్ల ఈ తమ్ముడు చేరాడు. ఒక కొడుకును పోగొట్టుకున్న ఊరికే చిన్నవాణ్ని పంపడానికి ఆ తల్లి మనసు ఎంత గట్టిచేసుకుందో!

గోథెన్‌బర్గ్‌లో ఎనిమిదేళ్లు, తర్వాత మాల్మో, స్టాక్‌హోమ్, ఉప్సాలా. అన్నిచోట్లా పరాయి దుకాణంలో జీతగాడే. విశ్వవిద్యాలయ చదువు లేకపోయినా ప్రతిభతో నెగ్గుకొచ్చాడని షీలే గురించి రాసేవాళ్లు తరచూ అంటుంటారు. నాకది సరైన మాటగా తోచదు. నూరడం, జల్లించడం, తేర్చడం, వడకట్టడం, బట్టీపెట్టడం, పలుకు కట్టించడం ఆనాటి మందుల దుకాణంలో నిత్యం చేసే పనులు. ఏది నీళ్లలో కరుగుతుందో, ఏది సారాలో కరుగుతుందో, ఏ ఉప్పు గాలి తగిలితే చెమ్మగిల్లుతుందో అక్కడి కుర్రాడికి చేతివేళ్లతో తెలిసేది. షీలేకి చదువు లేదనడం కంటే ఆ చదువు జరిగింది కల్వం ముందు అనడం నిజానికి దగ్గర.

ఉప్సాలాలో జరిగిన ఒక సంగతి ఇందుకు సాక్ష్యం. అక్కడి ఆచార్యుడు టోర్బెర్న్ బెర్గ్‌మన్ అప్పటికే పేరుమోసిన రసాయనవేత్త. షీలే పనిచేసే దుకాణం నుంచి ఆయన సురేకారం తెప్పించుకున్నాడు. దాన్ని బాగా కాల్చి, చల్లారాక వెనిగర్ పోస్తే ఎర్రటి పొగలు వచ్చాయి. సరుకు కల్తీదని అనుమానించారు. షీలే తాపీగా జవాబు చెప్పాడు: సరుకు మంచిదే, కాలినప్పుడు సురేకారంలోని ఆమ్లం మారిపోయి బలహీనమైన మరో ఆమ్లం అవుతుంది, దాన్ని వెనిగర్ సైతం వెళ్లగొట్టగలదు. యోహాన్ గాన్ అనే యువకుడు ఆ మాటను బెర్గ్‌మన్ చెవిన వేశాడు. ఆచార్యుడికీ దుకాణం కుర్రాడికీ అలా మొదలైన స్నేహం జీవితాంతం నిలిచింది. 1775 ఫిబ్రవరిలో స్వీడన్ రాయల్ అకాడమీ షీలేని సభ్యుడిగా ఎన్నుకుంది. అప్పటికి ఆయన ఫార్మసీ పరీక్షయినా ప్యాసు కాలేదు. ఆ పరీక్ష ముగించింది 1777లో.

ఇక ప్రాణవాయువు. వాయువును పట్టడానికి షీలే దగ్గర ఉన్నవి వంకర మెడ గాజు రిటార్టు, మామూలు సీసాలు, పురికొస, ఎద్దు మూత్రాశయపు తిత్తి. తిత్తిని నీళ్లలో నానబెట్టి మెత్తబరిచి, లోపలి గాలంతా పిండేసి రిటార్టు మూతికి బిగించి కట్టేవాడు. రిటార్టులోని సురేకారం కొలిమి వేడికి కరిగి మరిగేకొద్దీ తిత్తి ఉబ్బేది. మరో పద్ధతిలో ఎర్రపొగలు కూడా వచ్చేవి. వాటిని పీల్చుకోవడానికి తిత్తిలో ముందే చిక్కటి సున్నపునీళ్లు పోసి ఉంచేవాడు. పట్టిన వాయువును సీసాలోకి మార్చడం అంతకంటే నేర్పైన పని. సీసా నిండా నీళ్లు పోసి, దాని మూతికి ఉబ్బిన తిత్తిని కట్టి, సీసాను తలకిందులు చేసేవాడు. నీళ్లు తిత్తిలోకి దిగుతాయి, వాయువు సీసాలోకి ఎక్కుతుంది. వెంటనే బిరడా. ఆ సీసాలో మైనపు వత్తి కళ్లు మిరుమిట్లు గొలిపేలా మండింది. దానికి ఆయన అగ్నివాయువు అని పేరుపెట్టాడు. పాదరస భస్మం, మాంగనీసు ఖనిజం, ఇంకా కొన్ని పదార్థాల నుంచి కూడా అదే వాయువు తీసి, అన్నిటిలో వత్తి ఒకేలా మండుతుందో లేదో చూశాడు. ఒక్క దారిలో వచ్చినదాన్ని నమ్మకుండా నాలుగు దారుల్లో సరిచూసుకోవడంలోనే ఆయన పనితనమంతా ఉంది.

ఆయన చేతిరాత కాగితాల ప్రకారం ఈ పనంతా 1771, 1772 నాటిది. ఇంగ్లండులో ప్రీస్ట్లీ అదే వాయువును పట్టింది 1774 ఆగస్టు 1న. షీలే పుస్తకం బెర్గ్‌మన్ ముందుమాట కోసం ఆగి ఆగి 1777లో గానీ బయటికి రాలేదు. అందుకే ఆయన్ను దురదృష్టవంతుడంటారు. ఆయన వాయువును సరిగ్గా పట్టాడు, దాని అర్థాన్ని సరిగ్గా పట్టలేదు. మండే వస్తువులన్నిటిలో ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుందన్న పాత సిద్ధాంతాన్ని చివరిదాకా వదల్లేదు. ఆ చిక్కు విప్పింది పారిస్‌లో లావోయిజియే. అంతమాత్రాన షీలే చేసిన ఏ ప్రయోగమూ తప్పు కాలేదు. సిద్ధాంతం కూలిపోయినా దాని నీడలో చేసిన పని చెక్కుచెదరలేదు.

1775లో కోపింగ్ అనే చిన్న ఊళ్లో పోల్ అనే మందుల దుకాణదారు చనిపోయాడు. దుకాణం భార్య సారా మార్గరెటాకు వచ్చింది. దాన్ని నడపడానికి షీలే వెళ్లాడు. ఇంతలో మరొకాయన ఎక్కువ ధర ఇస్తానన్నాడు. ఊరివాళ్లు మాత్రం షీలేనే కావాలన్నారు, దుకాణం ఆయనకే దక్కింది. ఆయన మళ్లీ ఆ ఊరు విడిచి వెళ్లి కాపురం పెట్టలేదు. పగలు మందులు కలిపి ఇవ్వడం, మిగిలిన వేళ ప్రయోగాలు. మూత్రాశయపు రాళ్ల నుంచి యూరిక్ ఆమ్లం, పులిసిన పాల తేట నుంచి లాక్టిక్ ఆమ్లం, ఆపిల్ పండ్ల నుంచి మాలిక్ ఆమ్లం తీశాడు. ఆలివ్ నూనెను సీసం భస్మంతో ఉడికించినప్పుడు వచ్చిన తియ్యటి ద్రవమే ఈనాడు దగ్గుమందుల్లోనూ చర్మపు లేపనాల్లోనూ వాడే గ్లిసరిన్. క్లోరిన్‌ను అంతకుముందే, 1774లో పట్టాడు.

వీటన్నిటి మధ్య 1782లో రాసిన ఒక చిన్న వ్యాసం నాకు ప్రత్యేకంగా ఇష్టం. వెనిగర్ నిల్వ ఉంచితే మసకబారి చెడిపోతుంది. సీసాల్లో నింపి, వాటిని నీళ్లున్న పాత్రలో నిలబెట్టి, కాసేపు మరిగిస్తే ఎన్నాళ్లయినా చెడదని అందులో చెప్పాడు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ చెప్పడానికి ఎనభై ఏళ్లు ముందు మాట ఇది. కారణం ఆయనకు తెలియదు, ఫలితం మాత్రం చేసి చూసి చెప్పాడు. వంటింటికి పనికొచ్చే దాన్ని కూడా అకాడమీ పత్రికలో అంతే శ్రద్ధగా రాయడం గొప్పగా అనిపిస్తుంది.

ఈ పనికి ఆయన చెల్లించిన ధర తక్కువేం కాదు. ఆనాటి రసాయనవేత్తల అలవాటు ప్రకారం కొత్తగా తయారైన ప్రతిదాన్నీ వాసన చూసి, రుచి చూసి రాసేవాడు. హైడ్రోసయనిక్ ఆమ్లం రుచి సైతం ఆయన రాతల్లో ఉంది. ఆర్సెనిక్, పాదరసం, సీసం ఆయన చేతుల్లో నిత్యం మెలిగినవే. 1785 నుంచి మూత్రపిండాల జబ్బు, కీళ్ల నొప్పులు ఆయన్ను కుంగదీశాయి.

పోల్ భార్య సారా ఆ ఇల్లు చూసుకుంటూనే ఉంది. ఇక బతకనని తెలిశాక, 1786 మే నెలలో, షీలే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. దుకాణం, ఆస్తి చట్టప్రకారం ఆమెకు దక్కాలంటే అదే మార్గం. రెండు మూడు రోజులకే, మే 21న, కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 43.

షీలే వ్యాసాలను లియోనార్డ్ డాబిన్ ఇంగ్లిషులోకి అనువదించగా 1931లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఫార్మసీ చదువుతున్న పిల్లలు ఎక్కడ దొరికినా ఆ పుస్తకం తీసి, సిద్ధాంతం చెప్పిన పేజీలు ప్రస్తుతానికి దాటేసి, ఏది ఎంత పోశాడో, ఎంతసేపు ఆగాడో, ఎప్పుడు వడకట్టాడో రాసిన పేజీలు చదవండి.