అరచేతికి తెలిసే సొట్ట

సొట్ట కంటికి దొరకదు, అరచేతికి దొరుకుతుంది. కాకినాడలో మా వీధి చివరి టింకరింగ్ షాపు మేస్త్రి ఈ సంగతి చెప్పేనాటికి నేను మూడు రోజులుగా మా చేతక్ స్కూటర్ సైడ్ ప్యానెల్ రుద్దుతున్నాను. నున్నగా అయిపోయిందనే అనుకున్నాను. "కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి చూడండి మాస్టారూ" అన్నాడు. చేతికీ రేకుకీ మధ్య ఒక పల్చటి గుడ్డ వెయ్యమన్నాడు. అరచెయ్యి బోర్లించి మెల్లగా జరిపితే, మధ్యలో ఒకచోట చెయ్యి కొంచెం కిందికి దిగింది. కళ్లు తెరిచి చూస్తే అక్కడ ఏమీ లేదు. మళ్లీ మూసుకుంటే ఉంది.

చేతక్ 1972లో వచ్చిన బండి, రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్నది. మోటార్ సైకిల్‌కి ఉన్నట్టు దీనికి లోపల వేరే ఛాసిస్ ఉండదు. అచ్చులో ఒత్తిన ఇనుప రేకే బాడీ, ఆ రేకే ఎముకల గూడు. అందుకే ఫుట్‌బోర్డుకి తుప్పు పడితే పోయేది అందం ఒక్కటే కాదు, బండి బలం కూడా. నేను ముందు విప్పింది రబ్బరు మ్యాట్. ఎన్ని వానాకాలాల నీరు దాని కింద నిలిచిందో, రేకు పెచ్చులుగా లేచిపోయింది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే రెండు చోట్ల లోపలికి దిగబడింది. ఆ రెండు చోట్లా కొత్త రేకు వెల్డింగ్ చేయించుకొచ్చాకే మిగతా పని ముట్టుకున్నాను. చిల్లి మీద లప్పం మెత్తి రంగు కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. లప్పం తడి పీలుస్తుంది, పైన రంగు మెరుస్తుంటే కింద రేకు కరిగిపోతుంటుంది.

80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, 220 మీదుగా వెళ్లాలి. రంగు ఊడిన చోట అంచు మెట్టులా ఉంటుంది. గోరు తట్టుకోకుండా పోయేదాకా ఆ మెట్టుని అరగదియ్యాలి. అలా అరగదీస్తుంటే మా బండి రంగులన్నీ వలయాలుగా బయటపడ్డాయి: పైన మెరూన్, కింద తెలుపు, ఆ కింద లేత నీలం. ఆర్‌సీలో రాసి ఉన్నది నీలమే. ఏ రంగు వెయ్యాలన్న ప్రశ్న నాకు అక్కడే తీరిపోయింది.

సొట్టలో పెట్టిన లప్పం ఆరాక దాన్ని వేళ్లతో రుద్దకూడదు. వేళ్లు పల్లంలోకి దిగి దాన్నింకా లోతు చేస్తాయి. చదునుగా ఉన్నచోట చెక్కముక్కకి కాగితం చుట్టాను, వంపుల దగ్గర అరిగిన హవాయి చెప్పు ముక్కకి. ఆపైన ప్రైమర్. ప్రైమర్ మీద నల్లరంగు దుమ్ములా చల్లి మళ్లీ రుద్దితే, ఎత్తుపల్లాలు వాటంతటవే బయటపడతాయి. మిట్టల మీద నలుపు పోతుంది, పల్లాల్లో మిగిలిపోతుంది. మేస్త్రి చెబితే నా చేతికి దొరికిన సొట్ట మా ప్యానెల్ మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చగా తేలింది. అది చూసినప్పుడు ఆయన మాట మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

బండికి వేసే రంగుని మన షాపుల్లో ఇప్పటికీ డూకో అనే అంటారు. అది 1920లలో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరు. దాని గుణం తెలియకే నేను దెబ్బతిన్నాను. శ్రావణంలో ఒక సాయంత్రం, వాన వెలిసింది కదా అని స్ప్రే గన్ను పట్టాను. పది నిమిషాల్లో నీలమంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. ఆ రంగు థిన్నర్ ఆవిరై ఆరుతుంది. ఆవిరయ్యేటప్పుడు రేకుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి అది రంగు మీదే చేరుతుంది. నెల రోజుల పని మళ్లీ కాగితం కింద పెట్టాను. సంక్రాంతి వెళ్లి ఎండ పొడిబారేదాకా ఆగాను.

హార్డెనర్ కలిపే టూ-కే రంగు ఇంకా మెరుస్తుంది, గట్టిగానూ ఉంటుంది. కానీ ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. ముక్కుకి రుమాలు కట్టుకుంటే ఆగేవి కావు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని వద్దు.

రంగు కలిపే షాపుకి డిక్కీ మూత పట్టుకెళ్లాను. దాని లోపలివైపు ఎండ తగల్లేదు, ఎవరూ మళ్లీ రంగు వెయ్యలేదు. అసలు నీలం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. షాపతను చుక్క చుక్కగా నలుపు, తెలుపు కలుపుతూ, ప్రతిసారీ మూత మీద వేలితో ఒక బొట్టు పెట్టి, అది ఆరేదాకా ఆగేవాడు. తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. నాలుగో బొట్టు ఆరాక ఎక్కడ పెట్టాడో కనబడలేదు.

మాఘంలో వేశాను. నేల తడిపి, దుమ్ము అణిచి, జానెడు దూరం నుంచి పల్చగా నాలుగు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య పావుగంట. బండంతా నీలమైంది. డిక్కీ మూత లోపలివైపు మాత్రం కాగితం అంటించి వదిలేశాను. నా తరవాత ఎవరైనా రంగు కలపాల్సొస్తే వాళ్లకి నమూనా కావాలి.